గంటన్నరల వస్త

పెబ్బేరు దాటి ఎంతసేపయిందో, రోడ్డు పనులని ఒక పక్కంతా మూసేశారు, మిగిలిన పక్కన వడ్ల లారీ ఒకటి తోవంతా వాళ్ల తాత సంపాదించినట్టు పోతోంది, పక్కకు జరగదు, హారన్ కొడితే వినదు, డేవిడ్ ఒళ్లో సంచి పెట్టుకుని, సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని, డ్రైవరు పక్క సీటు అంచున కూర్చుని ఉన్నాడు, వెనక్కి ఆనుకుంటే కారు ఇంకా నెమ్మదిస్తుందేమోనని భయం. సంచిలో చీర ఉంది. రాజోలిలో అక్క శాంతమ్మ ఉంది. ఉంది అనొచ్చా? నిన్న పొద్దుగూకేటప్పుడు పోయింది, ఛాతీలో నొప్పి అన్నదట, కర్నూలు దవాఖానకు తీసుకుపోదామని ఆటో పిలిచేలోపే పోయింది, అయినా మట్టిలో పెట్టేదాకా మనిషి ఉన్నట్టే లెక్క, ఉన్నదనే అనాలి. మట్టిలో పెట్టేలోపు ఈ చీర ఆమె ఒంటి మీద పడాలి. బొంబాయిలో మొదలుపెట్టిన ప్రయాణం, విమానమూ కారూ అన్నీ కలిపి, ఆ ఒక్క పనికే. మే నెల ఎండ అద్దంలోంచి మోకాళ్ల మీద పడి కాలుస్తుంటే, ఇక్కడే ఇట్లా ఉంటే అక్కడ ఎట్లా ఉందో అనుకున్నాడు, అనుకుని, ఆ ఆలోచనను అక్కడే తుంచేశాడు.

పుట్టింటి బట్ట పడకుండా ఆడమనిషిని లేపరు. ఏసు ప్రభువును నమ్ముకుని మూడు తరాలయినా ఈ ఒక్కటీ వాళ్లు వదల్లేదు, మొదట్లో పాస్టరు గొణిగేవాడట, ఇవన్నీ మనకెందుకమ్మా అని, తర్వాత తన సొంత తల్లి చచ్చిపోయినప్పుడు మేనమామలు వచ్చేదాకా తానే శవాన్ని కదలనియ్యకుండా కూర్చున్నాడట, ఆనాటి నుంచి నోరెత్తడు. అత్తగారింట్లో పుట్టెడు చాకిరీ చేసిన మనిషయినా సరే, ఆఖరి స్నానం పోసిన ఒంటికి మొదట తగలాల్సింది తోడబుట్టినవాడు తెచ్చిన బట్ట, దానిమీదనే మొగుడి బట్ట, కొడుకుల బట్ట, కోడళ్ల బట్ట. ఎందుకట? వెనకా ముందూ ఉన్న మనిషే, ఎక్కడో కొట్టుకొచ్చిన మనిషి కాదు అని పదిమందికీ తెలియడానికట. అక్కే చెప్పేది ఇవన్నీ, నవ్వుతూ చెప్పేది. "నాకు నువ్వొక్కనివే కదరా చిన్నోడా, నువ్వు రాకుంటే నన్ను ఉత్తగనే సాగదోల్తరు" అనేది, వీడు ఫోనులో "ఊరుకో అక్కా, గవేం మాటలు" అని అవతలి ఫోను వస్తోందని పెట్టేసేవాడు. అవతలి ఫోను చాలాసార్లు వచ్చేదే కాదు.

గంటన్నర. ఆ మాట అనకుండా ఉంటే ఏం పోయేది? నిన్న రాత్రి చెంబూరు గదిలో, తన కింద సెంట్రింగు పనిచేసే వాళ్లంతా చుట్టూ కూర్చుని ఫోనులో చూసి పెట్టారు, ముంబై నుంచి హైదరాబాదు, ఆరువందల ఇరవై కిలోమీటర్లు, గంటా ఇరవై ఐదు నిమిషాలు, మేస్త్రీ నువ్వు చాయ్ తాగి చాయ్ అరిగేలోపు ఉంటవ్ అన్నాడొకడు. బస్సయితే పొద్దుమాపు ఒకటే కూర్చోవడం, షోలాపూర్ దాటేసరికే నడుములు విరిగేవి, ఇన్నేళ్లుగా అట్లనే వచ్చాడు, అట్లనే పోయాడు, నాన్న పోయినప్పుడు అట్లనే వచ్చి ఆరిపోయిన మట్టిని చూశాడు. ఈసారి అట్లా కాదు. ఈసారి పొద్దున విమానం ద్వారం దగ్గర వరసలో నిలబడి మేనకోడలు కృపకు ఫోను చేశాడు. "బిడ్డా, విమానం ఎక్కుతున్న. గంటన్నరల వస్త. నేనొచ్చేదాక అమ్మను లేపనియ్యకు." గొంతులో ఏడుపు ఉంది, అబద్ధమెందుకు, నిజం ఏడుపే, కానీ ఆ ఏడుపు అడుగున ఇంకోటి కూడా కదిలింది, ముందూ వెనకా నిలబడ్డవాళ్లకు వినబడేటట్టు విమానం అనే మాటను కొంచెం గట్టిగా అన్నాడు. ఛీ. అక్క శవం అక్కడ పెట్టుకుని వీడికి అప్పుడు కూడా గొప్ప కావాల్సివచ్చింది.

కృప ఆ మాటను తీసుకుపోయి యాదయ్యకు చెప్పింది. యాదయ్య బావకు అన్న, ఇంటికి పెద్ద, పెళ్లయినా చావయినా ఆయన నోటి మాటే. ఆయన నదివైపు చెయ్యి చూపించి, "విమానమంటే కర్నూల్ల దిగుతది. ఆన్నుంచి సుంకేసుల కట్ట మీదికెళ్లి ఎంతసేపు? నీళ్లు కాగబెట్టుండ్రి" అన్నాడట. రాజోలి వాళ్లకు పట్నమంటే కర్నూలే, జ్వరమొస్తే కర్నూలు, పెళ్లి బట్టలకు కర్నూలు, నది అవతల విమానాలు దిగడం మొదలైనప్పటి నుంచి నెత్తిమీద పోయే ప్రతి విమానమూ అక్కడ దిగేదేనని వాళ్ల నమ్మకం. బొంబాయి విమానం కర్నూలుకు రాదు, హైదరాబాదులో దిగి మళ్లీ పాలమూరు అంతా ఈ కొసనుంచి ఆ కొసదాకా దాటి రావాలి, ఆ సంగతి కృపకు తెలియదు, యాదయ్యకు తెలియదు, తెలిసినవాడు డేవిడ్, వాడు చెప్పింది గంటన్నర. ఆ మాట వింటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు? నీళ్లు కాచారు. ఐసు పెట్టె తెచ్చినవాడు ఇంకో ఊళ్లో చావుందని అప్పటికే తొందర పెడుతున్నాడు, స్నానం అయిపోతుంటే ఇంక పెట్టె దేనికని ఇచ్చి పంపారు. స్నానం పోశారు. స్నానం పోసిన ఒంటిని మళ్లీ పెట్టెలో పెట్టరు, అది వాళ్ల కట్టడి, ఉట్టి తెల్లగుడ్డ కప్పి, పుట్టింటి బట్ట కోసం వాకిలివైపు చూస్తూ కూర్చున్నారు.

డేవిడ్ జడ్చర్ల దగ్గర ఉన్నప్పుడు కృప ఫోను వచ్చింది. "మామా, యాడున్నవ్? కర్నూల్ల దిగినవా?"

"కర్నూలేంది బిడ్డా? జడ్చర్ల కాడున్న."

అటుపక్కనుంచి ఆడవాళ్ల ఏడుపు వినబడింది, తర్వాత "నానం పోసినం మామా" అంది కృప, తప్పు తనదైనట్టు. ఆ పిల్ల గొంతు అచ్చం అక్క గొంతే, చిన్నప్పుడు అక్క కూడా తప్పు ఎవరిదయినా అట్లనే చెప్పేది. డేవిడ్ ఏమన్నాడు? జల్ది వస్తున్న అన్నాడు. అంతకన్న ఏమంటాడు, కారుకు రెక్కలు కట్టమంటాడా.

విమానాన్ని అనడానికేం లేదు, దాని మాట అది నిలబెట్టుకుంది, గాలిలో ఉన్నంతసేపూ గంటా ఇరవై ఐదు నిమిషాలే. అయితే గాలిలోకి లేవడానికి ముందు రేషను దుకాణం ముందర నిలబడ్డట్టు విమానాలు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి, అది ఎవడి ఫోనులోనూ లేదు. దిగింతర్వాత బ్యాగు కోసం ఆ తిరిగే నల్ల పట్టా దగ్గర నిలబడ్డాడు, అది కూడా ఎవడూ చెప్పలేదు. కౌంటరులో పిల్ల బ్యాగు పెట్టండి సార్ అనగానే సార్ అన్న మాటకు పొంగిపోయి పెట్టేశాడు, చీర ఉన్న బ్యాగు, ఇంత చీర మడతను చంకలో పెట్టుకుని ఎక్కినా ఎవరూ వద్దనేవాళ్లు కాదు, బస్సులో ఎవడైనా సంచి గుంజుకుంటే కొట్టేవాడు, ఇక్కడ నవ్వుతూ ఇచ్చేశాడు. పట్టా తిరిగింది, ఎర్ర బ్యాగు వచ్చింది, నీలం బ్యాగు వచ్చింది, ఒకే అట్టపెట్టె మూడుసార్లు వచ్చింది, వీడిది రాలేదు. అక్కడ ఎవరి మొహంలోనూ తొందర లేదు, అందరూ ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు, మా అక్క పోయిందయ్యా, నా చీర ఇయ్యుండ్రి అని అరుద్దామనిపించింది, ఎవరిని పట్టుకుని అరవాలో తెలియలేదు, వీడి బ్యాగు అన్నిటికన్న ఆఖర్న వచ్చింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్నదట. యాదయ్య ఆ సామెత ఈ పాటికి అనే ఉంటాడు, అనకపోయినా తానే అనుకోవాలి, ఎందుకంటే ఉట్టి ఏదో డేవిడ్‌కు బాగా తెలుసు.

సొంతూరు ఉప్పునుంతల నుంచి రాజోలి, అదీ ఉట్టి. నాలుగు బస్సులు. నాగర్‌కర్నూల్ ఒకటి, వనపర్తి ఒకటి, ఎర్రవల్లి చౌరస్తా ఒకటి, అక్కడినుంచి శాంతినగర్ మీదుగా రాజోలి ఒకటి, మధ్యలో బస్టాండుల్లో కూర్చునేది వేరే. క్రిస్మసుకు బొంబాయి నుంచి ఊరికి వచ్చిన ప్రతిసారీ అక్క ఫోను చేసేది, రారా చిన్నోడా, ఒక్కసారన్న మా ఇల్లు చూడవా అని, వీడు "నాలుగు బస్సులు మారాలక్కా, నడుములు పోతయ్" అనేవాడు. బొంబాయి నుంచి వచ్చిన నడుములకు ఇది ఒక లెక్కా? కానీ దూరమనిపించేది, నిజంగానే అనిపించేది, బొంబాయి దూరంలో పని ఉంది, రాజోలి దూరంలో ఏముంది, అక్క ఒక్కతే ఉంది. అప్పుడు ఆమే బయలుదేరేది. ఆ నాలుగు బస్సులూ అటునుంచి ఇటు ఎక్కి దిగి, నెత్తిన మూట, మూటలో పల్లీలు, జొన్న రొట్టెలు, ఒక డబ్బాలో తుంగభద్ర చేపల పులుసు, పులుసు కారి మూటంతా వాసన, ప్రేమలత మొహం పక్కకు తిప్పుకునేది, పట్నంలో పెరిగిన పెళ్లాం మరి, అక్క చూడనట్టే చూసి "పిల్లకు వాసన పడదేమో, బయట పెడ్తలే" అని తనే తీసుకుపోయి వాకిట్లో పెట్టేది. ఒక్క రాత్రి ఉండి పోయేది. బస్సు దాకా తోలిరావడానికి డేవిడ్ బద్ధకించిన సంవత్సరాలు కూడా ఉన్నాయి.

బీచుపల్లి వంతెన. కింద కృష్ణ, కృష్ణ అని పేరే గానీ నీళ్లు ఎక్కడో ఒక పక్కన, మిగిలినదంతా రాళ్లు. ఆ రాళ్లు చూడగానే కాలువ గుర్తొచ్చింది, ఏ కాలువో తెలియదు, కర్ణాటకలోనో మరాఠీ దేశంలోనో, అమ్మానాయనలు మేస్త్రీ వెనక మందగా పోయి తవ్విన కాలువల్లో ఒకటి, డేరాలు, పొగ, రాయి పగలగొట్టే చప్పుడు. అమ్మ తట్ట మోస్తే వీణ్ని మోసింది అక్క. తానే పదేళ్ల పిల్ల, చంకన వీడు, చంక దించితే కాలువలో పడతాడని పాతచీర చింపి వీడి మొలకు ఒక కొస, తన మణికట్టుకు ఒక కొస కట్టుకునేది, అట్లా కట్టుకునే రొట్టెలు కాల్చేది, వీడు అటు గుంజితే రొట్టె మాడేది, రొట్టె మాడితే అమ్మ చేతిలో దెబ్బలు ఆమెకే పడేవి. మణికట్టు మీద ఆ గుడ్డ ఒరుసుకుని నల్లటి చార పడింది, పెద్దయ్యాక కూడా ఉండింది, గాజులు వెనక్కి జరిపి చూపించేది, "ఇగో నువ్వే" అని. నిన్న స్నానం పోసినవాళ్లు, కాదు ఇవాళే, పొద్దున, ఆ చెయ్యి కడిగి ఉంటారు. ఆ చార ఎందుకు పడిందో వాళ్లలో ఒక్కరికయినా తెలుసా. తెలిసినవాడు వడ్ల లారీ వెనక ఉన్నాడు.

"అన్నా, వంతెన దాటినంక లారీని కొట్టి ముందల పడ్త, ఫికర్ జెయ్యకు" అన్నాడు డ్రైవరు గోపి. డేవిడ్ తలూపాడు. ఫోను మోగింది. కృప పేరే, కానీ మాట యాదయ్యది.

"బామ్మర్ది, ఎండ జూస్తున్నవా? మనిషి ఆగెటట్టు లేదయ్యా. పెట్టె పాయె, ఐసు పాయె. ఎంతసేపని పెట్టుకుంటం? మీ ఇంటిపేరోళ్లు ఒకరుండ్రు ఈడ, పెంటయ్య, మీసాలోళ్లే. ఆయన చేత ఏపిస్తం."

"ఆయనెందుకేస్తడు బావా? నేను సచ్చిన్నా? తోడబుట్టినోన్ని నేనున్న గద!"

"ఉన్నవు, కాదన్ననా? యాడున్నవు?"

బీచుపల్లి అనే మాట డేవిడ్ నోట్లోనే ఉండిపోయింది. యాదయ్య కోపంగా కూడా అనలేదు, అలిసిపోయిన మనిషి అడిగినట్టు అడిగాడు, అదే ఇంకా మండించింది. "జర ఆగు బావా, నీ కాల్మొక్త, వస్తున్న, గంటల ఉంట" అన్నాడు, అని నాలుక కరుచుకున్నాడు. అటునుంచి యాదయ్య "నీ గంట సంగతి పొద్దుగాలనే జూసినం గదయ్యా" అని ఫోను కృపకు ఇచ్చేసినట్టున్నాడు, ఎవరో పిల్లవాడు నీళ్లు అడుగుతున్నాడు, తర్వాత ఫోను ఆగిపోయింది.

పెంటయ్య. ఈ పెంటయ్య పేరు డేవిడ్‌కు కొత్త కాదు, అదే కదా బాధ. ఏళ్ల తరబడి ఫోనులో విన్నాడు, వింటూ వినకుండా విన్నాడు. అక్క రాజోలికి కాపురానికి పోయిన కొత్తలో అక్కడ ఆమెకు నరపురుగు తోడు లేదు, నీళ్ల దగ్గర పనుల దగ్గర ఎవరు కొత్త మనిషి కనబడినా మీ ఇంటిపేరేందని అడిగేదట, వెర్రిదాన్ని చూసినట్టు చూసేవారట, ఒకనాడు కాలువ పనికి వనపర్తి దిక్కునుంచి వచ్చి అక్కడే నిలబడిపోయిన ఒకాయన మీసాలోళ్లం అన్నాడట, అంతే, "అట్లయితే నాకు అన్నవైతవ్" అని కూలిపనిలోనే చెయ్యి పట్టుకుని ఏడ్చిందట. ఏ మీసాలోళ్లో, ఏ ఊరి మీసాలోళ్లో, రక్తం లేదు, నీరు లేదు. కానీ అప్పటినుంచి పెంటయ్యన్న అన్నది, పెంటయ్యన్న పెట్టిండు. క్రిస్మసుకు రవికె గుడ్డ పెంటయ్యన్న పెట్టిండు. కృప పెద్దమనిషయినప్పుడు మేనమామ పీట మీద పెంటయ్యన్న కూసుండె, నువ్వు రాకపోతివి కదరా. బావకు కాలు విరిగినప్పుడు పెంటయ్యన్న ఇంటికాడినుంచే బువ్వ వచ్చె. వింటుంటే డేవిడ్‌కు ఏమనిపించేది? కోపం రాలేదు, సిగ్గూ రాలేదు, అదే ఇప్పుడు గుండెలో ముల్లులా కదులుతోంది, హాయిగా అనిపించేది. ఎవడో ఒకడు చూసుకుంటున్నాడులే, మంచిదే, నాకు నాలుగు బస్సులు తప్పాయి అనిపించేది. ఇన్నేళ్లూ వాడి చేత చేయించి ఇవాళ చీర ఒక్కటి నేనే కప్పుతానంటే, ఎవడైనా నవ్వుతాడు.

నవ్వితే నవ్వనీ. ఈ ఒక్కటీ వదలడు. చిన్నోడా అని పిలిచిన మనిషి, మణికట్టుకు కట్టుకుని పెంచిన మనిషి, ఆమె ఒంటి మీద వేరేవాడి బట్టా? ఎర్రవల్లి చౌరస్తాలో గోపి లారీని దాటాడు, ఇటు తిరిగితే గద్వాల, కారు తిన్నగా పోయింది. డేవిడ్ బ్యాగులోంచి సంచిలోకి మార్చిన చీరను మళ్లీ ఒకసారి తడిమి చూశాడు. అదొక చీర. రాత్రి గది పక్క సందులో ఒకే దుకాణం తెరిచి ఉంది, మూసేవేళ, బహన్ కే లియే సాడీ అన్నాడు, దుకాణదారుడు శాదీ హై క్యా అని, పెళ్లి చీరనుకుని సంబరంగా ఎర్రటివి, జరీవి, చమ్కీలవి తీసి పరిచాడు, శవం మీద కప్పే చీర కావాలని హిందీలో చెప్పడం రాదా అంటే వచ్చు, పాతికేళ్లుగా ఆ ఊళ్లో ఉన్నవాడికి రాకపోవడమేంది, నోరు పెగల్లేదు. ప్రేమలత పక్కనే ఉండి "ఏదైతే ఏంది, ఎట్లయినా మట్టిలకే గదా" అన్నది, అది చెడ్డ మనిషి కాదు, ఆ మాట నిజం కూడా, కానీ ఆ మాటకు చెంప పగలగొట్టాలనిపించి, పగలగొట్టకుండా, అన్నిటికన్న ఎక్కువ మెరిసేది పట్టుకొచ్చాడు. నేతగాళ్ల ఊరికి, ఇంటికో మగ్గం ఆడిన ఊరికి, జీవితమంతా ఇంకొకరి చీరలకు నూలు చుట్టిన మనిషికి, బొంబాయి నైలాను చీర. అక్క చూస్తే ఏమనేది? వేళ్ల మధ్య కొస పట్టుకుని నలిపి చూసి, ఏమీ అనేది కాదు, బాగుందిరా అనేది. అట్లనే అనేది. ఏది ఇచ్చినా బాగుందిరా అనేది, ఏమీ ఇవ్వకపోయినా బాగున్నవారా అనేది, ఆ మంచితనమే వీణ్ని చెడగొట్టింది, ఒక్కసారయినా తిట్టి ఉంటే ఒక్కసారయినా వచ్చేవాడేమో.

అలంపూర్ చౌరస్తాలో పెద్ద రోడ్డు వదిలి లోపలికి తిరిగారు. కృపకు చేశాడు, మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. బావ ఏసోబు ఫోను స్విచాఫ్. ఎత్తరేమి? పనిలో ఉన్నారా? ఏ పనిలో? ఏడుపులో ఫోను వినబడక ఎత్తకపోవచ్చు, అంటే ఇంకా ఇంటి దగ్గరే ఉన్నట్టు, లేపేముందే కదా ఎక్కువ ఏడుస్తారు, అవును, లేపేముందే. లేదంటే పాటలు పాడుతుండవచ్చు. పాటలు ఎక్కడ పాడతారు, ఇంట్లోనూ పాడతారు, గుంత దగ్గరా పాడతారు. ప్రభువా, ఇంట్లో పాడేటట్టు చెయ్యి. ప్రార్థన చేసి ఎన్నాళ్లయిందో, అడిగే మొహం లేదు, అయినా అడిగాడు, ఒక్క గంట ఎండ తగ్గించు, ఒక్క మబ్బు పంపు, యాదయ్యకు జ్వరం రానీ, పాస్టరు బండి పంక్చరు కానీ. శాంతినగర్ దగ్గర పెళ్లి ఊరేగింపు అడ్డం వచ్చింది, డీజే బండి, ముందర పదిమంది దుమ్ములో ఎగురుతున్నారు, గోపి దిగి బతిమాలాడు, "చావుకు పోతున్నం జర తోవ ఇయ్యుండ్రన్నా" అని, పాపం వాళ్లు వెంటనే డీజే ఆపేసి పక్కకు జరిగారు, పెళ్లికొడుకు కూడా కారులోంచి చేతులు జోడించాడు, అందరూ మంచివాళ్లే. ఇంత మంచివాళ్లున్న లోకంలో ఎవడి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక డేవిడ్ సంచి చెవులు మెలిపెట్టాడు. పొలాలు, పొగాకు ఆరబెట్టిన పందిళ్లు, వంకర తోవ, దూరంగా నది దిక్కు తెల్లటి మెరుపు. ఈ తోవలో అక్క మూట నెత్తిన పెట్టుకుని ఎన్నిసార్లు వచ్చిందో, ఇదే మలుపు, ఇదే గుంతల రోడ్డు, తాను మాత్రం ఇదే మొదటిసారి చూడటం. అక్క ఇల్లు ఎక్కడో డేవిడ్‌కు తెలియదు. ఊళ్లోకి రాగానే గోపి "ఎటు అన్నా?" అని అడిగితే, అరుగు మీద కూర్చున్న ముసలామెను అడగమన్నాడు.

వాడ చివర షామియానా కనబడింది, కుర్చీలు కనబడ్డాయి, మనుషులు కనబడ్డారు, హమ్మయ్య, అందరూ ఇక్కడే ఉన్నారు, అనుకున్నాడు. తర్వాత నీళ్ల డ్రమ్ము కనబడింది. వాకిట్లో డ్రమ్ము పెట్టి, ఒక్కొక్కరూ చెంబుతో కాళ్లు కడుక్కుని లోపలికి పోతున్నారు. డేవిడ్ కారు దిగి నిలబడ్డాడు. ఎవరూ ఏడవడం లేదు, ఏడుపు అయిపోయింది.

కృప తడి కాళ్లతోనే పరుగెత్తుకొచ్చి మీద పడింది. "మామా, ఆగనియ్యలే మామా. ఎండకు తట్టుకోలే అమ్మ. అందరు అన్నరు, ఇగ ఆపితే అమ్మకే కష్టమని."

"ఎవరేసిండ్రు బట్ట?"

"పెంటయ్య మామ. ఆయన గూడ శానాసేపు ఎయ్యలే. తమ్ముడొస్తడు, తమ్ముడే ఎయ్యాలె అని కూసుండె. నువ్వు పరేషాన్ గాకు మామా, అమ్మకు పుట్టింటి బట్ట పడ్డది." ఓదార్పుకే అంది, అంతకన్న మంచి మాట తనకు దొరకలేదు. డేవిడ్ చేతిలోంచి సంచి తీసుకుంది, తెరిచి చూడలేదు, లోపల ఎక్కడో పెట్టి వచ్చింది.

"మన్ను చూసొస్త బిడ్డా. యాడ పెట్టిండ్రో చూపెట్టు."

"ఇయ్యాల మల్ల పోవద్దు మామా. ఒకపారి తిరిగొచ్చినంక పోరు. రేపు పోదాం."

అది కూడా కట్టడే, వీడికి తెలిసిందే. ఏసోబు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, "వచ్చినవా" అన్నాడు, అది ప్రశ్నా కాదు, దెప్పుడూ కాదు. యాదయ్య కుర్చీ లాగి ఇచ్చి, తన కుర్చీ కూడా దగ్గరకు జరుపుకుని కూర్చున్నాడు. తిడితే బాగుండు, ఎవరైనా వాకిట్లో నిలబెట్టి నలుగురిలో తిడితే బాగుండు, అని డేవిడ్ ఆ మొహాల్లో వెతికాడు, ఒక్కరూ తిట్టలేదు, విమానం దిగి వచ్చిన మనిషి అలిసిపోయి ఉంటాడని ఎవరో ఫ్యాను వీడి వైపు తిప్పారు.

అప్పుడు వాకిట్లోంచి ఒకామె గంపలో పెద్ద గిన్నె పెట్టుకుని వచ్చింది, వెనక పొట్టిగా, నల్లగా, కండువాతో మొహం తుడుచుకుంటూ ఒక ముసలాయన. చెప్పకుండానే తెలిసింది, పెంటయ్య. గిన్నెలో అన్నం, పప్పు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఆ ఇంటివాళ్లకు మొదటి బువ్వ పుట్టింటివాళ్లే వండి తెచ్చి, పుట్టింటివాళ్లే చేత్తో ముద్ద పెట్టాలి. డేవిడ్ ఒక్కసారిగా చల్లబడిపోయాడు. ఈ సంగతి తనకు తట్టనే లేదు. బొంబాయి నుంచి ఇక్కడిదాకా, గాలిలో, నేల మీద, లారీ వెనక, ఒక్కసారి కూడా తట్టలేదు. చీర మీద పంతం పట్టాడు గానీ, పొద్దునే వచ్చి చీర కప్పినా ఈ అన్నం ఎవరు వండేవాళ్లు, ఎక్కడ వండేవాళ్లు, ఇంత బియ్యం తెచ్చాడా, పెళ్లాన్ని తెచ్చాడా? ఈ పెంటయ్య పెళ్లాం పొద్దున్నే పొయ్యి వెలిగించి ఉంటుంది, తమ్ముడు వచ్చినా రాకపోయినా బువ్వ కావాలి కదా అని.

పెంటయ్య చాప మీద కూర్చుని ముద్ద కలిపి మొదట ఏసోబుకు పెట్టాడు, ఏసోబు తల అడ్డం తిప్పితే గదుమ పట్టుకుని పెట్టాడు. తర్వాత కృపకు, కృప తమ్ములకు. తర్వాత గిన్నె ముందుకు జరుపుకుని డేవిడ్ ఎదుట కూర్చున్నాడు. "పొద్దుగాల ఎప్పుడు తిన్నవో ఏమో తమ్మీ. నోరు తెరువు." డేవిడ్ పళ్లు బిగించాడు. తెరవకూడదు, తెరిస్తే ఒప్పుకున్నట్టే, ఇది పెట్టాల్సిన చెయ్యి నాది, తినాల్సిన నోరు కాదు. వాకిట్లో అందరూ చూస్తున్నారు. పెంటయ్య చెయ్యి అట్లనే ఆగి ఉంది, ముసలి చెయ్యి, పప్పు వేళ్లమీదుగా కారుతోంది. నిన్న మధ్యాహ్నం నుంచి డేవిడ్ ఏమీ తినలేదు. నోరు తెరిచాడు. ఉప్పు సరిగ్గా పడింది, పప్పులో చింతపండు పులుపు అమ్మ చేసినట్టే ఉంది, నమిలాడు, మింగాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ఆకలి మాత్రం ఆగలేదు.

"ఇంకో ముద్ద పెట్టాల్నా తమ్మీ?" అన్నాడు పెంటయ్య.

పెట్టమన్నాడు డేవిడ్.